ఏడు ఫారాలు, ఒక దస్తూరి

ఛీ, ఏం మనుషులండీ వీళ్ళు! పైకి వెళ్దామనకండి నిగార్ ఆపా, నా వల్ల కాదు. ఈ బ్లాక్ కిందే, ఈ రాతిబల్ల దగ్గర ఓ పది నిమిషాలు కూర్చోండి. పైకెళ్తే ఫోన్లు మోగుతుంటాయి. మీ అఖ్తర్ గారు ఒకవైపు, మా ఆయన ఒకవైపు, కాలేజీలో ఏమైంది, ఏమైంది అని. ఏమైందని చెప్తాం? మొహాన ఉమ్మలేదు గానీ మిగతా మర్యాదలన్నీ జరిగాయని చెప్పమంటారా?

ఆ జనార్ధనరావుని చూశారా మీరు? ఆ టీచరమ్మ, మిసెస్ లిమ్, ఆరు ఫారాలు బల్ల మీద వరసగా పేర్చి, ‘ఇవి రాసింది ఎవరండీ’ అని ఎంత నెమ్మదిగా అడిగింది. బోర్డు పక్కన నిలబడితే రెండు గంటలు ఆపకుండా వాయించే మనిషి, నోట్లో నాలుక లేనట్టు బూట్ల వంక చూసుకుంటాడా? వాళ్ళావిడ శ్యామలాదేవేమో సీలింగ్ ఫ్యాను చూస్తోంది. పార్థసారథి గారు గోడ గడియారం చూస్తున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

నేను ఒప్పుకున్నాను కదా. నేనే రాశానని చెయ్యెత్తాను కదా. అది మీరు చూశారు. నన్ను తిట్టేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

‘అక్షరం అక్షరం ఒకటే మేడమ్, కామాలు కూడా ఒకచోటే ఉన్నాయి’ అంది. కామాలు! తొమ్మిదేళ్ళు తెనాలిలో ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, ఎంతమంది కాపీరాయుళ్ళని కామా దగ్గర పట్టుకున్నానో. ఇవాళ నన్ను పట్టుకున్నారు.

ఏంటీ? అవును, పిలిచింది ఏడు కుటుంబాల్ని. బల్ల మీద ఉన్నవి ఆరే. ఏడోది... ఉండండి, వస్తాను దానికి. ముందు ఈ కడుపుమంట చల్లారనివ్వండి.

అసలు ఆ ఆదివారం మనం బూన్ లేలో జనార్ధనరావు ఇంటికి వెళ్ళకుండా ఉండాల్సింది. ఇక్కడ ఆంగ్ మో కియోలో రైలెక్కి, జురాంగ్‌లో ఇంకో రైలు మారి, పట్టుచీరలు కట్టుకుని, టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని... దేనికీ? పిల్లలకి ఓ-లెవెల్, అదే ఇక్కడి టెన్త్, ఫలితాలొచ్చాయి, జేసీలో ఏ గ్రూపు తీసుకోవాలో జనార్ధనరావు గారు చెప్తారట. ఆయనెవరు చెప్పడానికి? ఊళ్ళో సిమెంటు గిడ్డంగికి ఇంజనీరు. ఆరు నెలల కోర్సు ఒకటి చేసి ఇక్కడికొచ్చి పడ్డాడు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ మర్చిపోతాయని లోకమంతా హడలిపోయింది చూడండి, ఆ భయం పుణ్యమా అని మేనేజరయ్యాడు. జనవరి ఒకటి వచ్చింది, వెళ్ళింది. ఏ కంప్యూటరూ ఏమీ మర్చిపోలేదు. ఈయనే మర్చిపోయాడు, తానెక్కణ్ణుంచి వచ్చాడో.

‘జేసీ అంటే ఏం లేదండీ, మన ఇంటరే. ఎంపీసీయా, బైపీసీయా, అంతే’ అన్నాడా లేదా? ఇక్కడ పిల్లలు నాలుగు సబ్జెక్టులు వాళ్ళకి నచ్చినట్టు కలుపుకోవచ్చు ఆపా. లెక్కల పక్కన జాగ్రఫీ పెట్టుకోవచ్చు, ఎకనామిక్స్ పక్కన సాహిత్యం పెట్టుకోవచ్చు. ఆ కాగితంలోనే అచ్చేసి ఉంది, నేను చదివాను. సముద్రం దాటొచ్చినా మనవాళ్ళకి ఆ రెండు గంపలే. పిల్లని ఏ గంప కింద మూయాలన్నదే మాట.

ఆఫీసు నుంచి మోసుకొచ్చిన ఆ తెల్లబోర్డు మీద ఇంత సున్నా చుట్టాడు. సున్నా లోపల లెక్కలు, పై లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటింగ్. బయట మిగతా ప్రపంచమంతా రాసి, ఒక్కోటీ అడ్డంగా కొట్టేశాడు. చరిత్ర కొట్టేశాడు, జాగ్రఫీ కొట్టేశాడు. మనం పులిహోర తింటూ తలలూపాం. హాకర్ సెంటర్లో తినబోయే ముందు టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల మాదేనని చోప్ చేసుకుంటామే, అలా ఆ పిల్లలకి రాబోయే నలభై ఏళ్ళూ చోప్ చేసేశాడు. మనం ఊరికే చూస్తూ కూర్చున్నాం.

ఆయన్నొక్కణ్ణే అని ఏం లాభం. ఎక్కడ చూసినా ఇదే తెగులు. సెరంగూన్ రోడ్డుకి కరివేపాకు కోసం వెళ్తే, కిరాణా కొట్టు మేడ మీద ‘ముప్పై రోజుల్లో జావా’ అని బోర్డు. పార్థసారథి గారు పశువుల డాక్టరు చదివారు, తెలుసా మీకు? ఇప్పుడు బ్యాంకు వాళ్ళకి ప్రోగ్రాములు రాస్తున్నారు. గుడికి వెళ్తే హారతి కళ్ళకద్దుకుంటూనే ‘మీవారు జావానా, సీ ప్లస్ ప్లస్సా’ అని అడుగుతారు. దేవుడి ముందు!

మా శ్రీమాన్ మధుసూదనరావు గారు నన్ను కూడా ఆ మేడ మీదికి పంపించాడు. రెండు నెలలు వెళ్ళాను. నా వయసులో సగం లేని మాస్టరు, ‘ఆంటీ, ముందు మౌస్ పట్టుకోవడం నేర్చుకోండి’ అన్నాడు. మానేశాను. కరివేపాకు కూడా అప్పట్నుంచీ వేరే కొట్లో కొంటున్నా.

సరే, ఆ ఆదివారం సంగతి. బయాలజీ కొట్టేసేటప్పుడు ఆ మనిషి నా వైపు తిరిగి ఏమన్నాడో మీకు గుర్తుందా? ‘వసుంధర గారూ, ఏమీ అనుకోకండి, మీ బోటనీ ఇప్పుడు తోటమాలికి కూడా అక్కర్లేదు’ అన్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. మీరు నవ్వలేదు, చూశాను. మా ఆయన నవ్వాడు. నా పక్కనే కూర్చుని, నా ప్లేటులోంచి జీడిపప్పులు ఏరుకుంటూ నవ్వాడు.

అది నాకు ఇంకా మంటగానే ఉందండీ. మూడు వారాలైంది.

నవ్వులయ్యాక ఐదు నిమిషాలు కాలేదు, ‘ఫారాలు వసుంధర గారు రాస్తారు, ఆవిడ దస్తూరి ముత్యాలు’ అన్నాడు. సిగ్గుండాలి కదా. ఆయనక్కాదు, నాకు. బుద్ధిగా పెన్ను మూత తీశాను.

మనకది అలవాటే కదా. ఏ అర్జీ అయినా ఇంట్లో దస్తూరి బాగున్నవాళ్ళే రాయాలి. పిల్లలు రాస్తే కొట్టివేతలొస్తాయి, తప్పులొస్తాయి, ఫారం పాడవుతుంది. ఏడేళ్ళుగా మనవాళ్ళ స్కూలు ఫారాలూ, వీసా కాగితాలూ, అన్నీ నేనే రాశాను. ఇన్నాళ్ళూ ఎవరూ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

అందులో ఒక ప్రశ్న ఉంది. ఈ సబ్జెక్టులు ఎందుకు కావాలో మీ మాటల్లో రాయండి, అని మూడు గీతలిచ్చారు. కంప్యూటింగ్‌కి ఒక్క తరగతే, అందరికీ దొరకదు, అందుకని అడిగారు. మీ మాటల్లో! మనకి సొంత మాటలెక్కడివి ఆపా? నేను మోడల్ ఆన్సరు తయారుచేశాను. చిన్ననాటి నుండీ నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి, అవి మానవాళి భవితను మార్చగలవని నా దృఢవిశ్వాసం, అని ఇంగ్లీషులో. ఆరుసార్లు రాశాను. జనార్ధనరావు కొడుకు మహీధర్‌కి చిన్ననాటి నుండీ ఆసక్తి ఉన్నది ఫుట్‌బాల్ ఒక్కటే. వాడికీ అదే రాశాను.

మీ అఫ్షీన్‌కీ అదే.

అది... నేను మీకు చెప్పలేదు. ఆ రోజు అది నా పక్కకొచ్చి కూర్చుంది. ‘ఆంటీ, జాగ్రఫీ రాయొచ్చా’ అంది, నాకొక్కదానికే వినబడేట్టు. ‘ఒక్కటి చాలు ఆంటీ, మిగతా మూడూ మీరేం రాసినా సరే’ అంది. ఎదురుగా అఖ్తర్ గారు కూర్చునున్నారు. నేను తలెత్తకుండా ‘మీ డాడీ కంప్యూటింగ్ అన్నారమ్మా’ అన్నా. అని రాసేశా. నా పెన్ను కదిలినంతసేపూ అక్కడే ఉండి చూసింది. తర్వాత లేచి వెళ్ళిపోయింది.

తెలుసా? ఇంటికొచ్చి చెప్పిందా మీకు? అంటే ఈ మూడు వారాలూ మీకు తెలుసు. తెలిసే రోజూ పిలిచి నాకు చాయ్ ఇచ్చారు.

అయ్యో ఆపా. అడిగేయాల్సింది కదా నన్ను.

లేదండీ, ఏడవట్లేదు. నాకు నా మీద అసహ్యం వేస్తోంది. ఏడుపు ఇంకొంచెం మర్యాదగా ఉంటుంది.

ఇవాళ ఆవిడ చేసిన పని చూడండి మరి. పిల్లల్ని పక్క గదిలోకి పంపి, ఎడమెడంగా కూర్చోబెట్టి, తలా ఒక కొత్త ఫారం ఇచ్చింది. ‘పెద్దవాళ్ళు వరండాలో ఉండండి, పదిహేను నిమిషాలు’ అంది. జనార్ధనరావు అప్పుడు నోరు తెరిచాడు. ‘మా సంస్కృతిలో పెద్దవాళ్ళు దారి చూపిస్తారు మేడమ్’ అని. ఆవిడ నవ్వి, ‘మా ఇంట్లోనూ అంతేనండీ, అయినా పదిహేను నిమిషాలే’ అని తలుపు వేసేసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఎంత నిర్లజ్జో చూడండి, దొంగనయ్యుండి పోలీసుకి చప్పట్లు.

మహీధర్ ఎకనామిక్స్ రాశాడు. వాళ్ళ నాన్న మొహం మీరు చూశారుగా. పార్థసారథి గారి అమ్మాయి పాపం ఏమీ రాయలేదు, తెల్లకాగితం పట్టుకుని బయటికొచ్చింది. ఏం కావాలో ఎవరైనా ముందు అడిగుంటే ఆలోచించేదాన్ని అంది. మీ అఫ్షీన్ జాగ్రఫీని పెద్దక్షరాలతో రాసింది. మీరు అక్కడికక్కడే, గోడకి ఆనించి, సంతకం పెట్టేశారు. అఖ్తర్ గారికి ఫోన్ కూడా చెయ్యలేదు. నేను చూస్తూనే ఉన్నా.

నేను మాత్రం మా అమ్మాయి కొత్త ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నా. మా ఆయన సంతకం కావాలన్నాను. అది అబద్ధం. అమ్మానాన్నల్లో ఎవరు పెట్టినా చాలని ఆవిడ ముందే చెప్పింది.

అడుగుతూనే ఉన్నారు మీరు, బస్సులోనూ అడిగారు. ఏడో ఫారం ఏదీ, అందరూ బయటికొచ్చాక నన్నొక్కదాన్నే లోపల ఎందుకు ఉండమన్నారు అని. సరే, వినండి.

ఏడోది మా అనన్యది. అందులో కంప్యూటింగ్ లేదు. బయాలజీ ఉంది.

బూన్ లేలోనే రాశాను. అదే బల్ల మీద, అందరి ముందూ. ఎవరూ చూడలేదు. దస్తూరి ముత్యాలు అని మెచ్చుకుంటారు గానీ, ఏం రాశారో ఎవరు చదువుతారు? కవర్లో పెట్టి, అంటించి, దాని చేతికే ఇచ్చా. లోపల ఏముందో తెలియకుండా అదే తీసుకెళ్ళి కాలేజీలో ఇచ్చింది.

ఎంత మురిసిపోయానో ఆ రోజు! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, నేనే ఆ ఉలిపికట్టెనని. తిరుగు రైల్లో మీ పక్కనే కూర్చుని మీ అందర్నీ చూసి లోపల్లోపల నవ్వుకున్నా. అందరూ మందలో పడిపోతున్నారు, నా కూతుర్ని మాత్రం తప్పించేశాను అనుకున్నా.

అడిగానా? దాన్నా? లేదు.

అడగలేదు ఆపా. అడగకపోవడానికి కారణాలున్నాయి నా దగ్గర. లెక్చరర్ని, కారణాలకేం తక్కువ. ఈ బ్లాక్ కింద తిరిగే పిల్లులున్నాయి కదా, అదిగో ఆ స్తంభం దగ్గర పడుకుందే, దాంతో సహా. అనన్య వాటికి వెబ్ పేజీ చేసింది. ఒక్కోదానికి ఒక పేరు, ఫొటో, ఏ మెట్ల దగ్గర పడుకుంటుంది, చెవి గాటు ఎప్పుడు పడింది... నన్ను పిలిచి చూపించింది. నేనేమనుకున్నా? ప్రాణుల మీద ప్రేమ, నా బుద్ధులే వచ్చాయి అనుకున్నా. పిల్లి బొమ్మ మీద బాణం పెడితే తోక కదిలేది. ‘అమ్మా, ఈ తోక నేనే కదిలించా, మూడు రోజులు పట్టింది’ అంది. దాని మొహం వెలిగిపోతోంది. నేను పిల్లిని చూశాను.

బూన్ లేలో అది నోరెత్తి ఒక్క మాట అడగలేదు. ఎందుకడుగుతుంది? దానిక్కావలసిందే అందరికీ రాస్తున్నారు. ఆ ఏడుగురిలో కంప్యూటింగ్ నిజంగా కావాలనుకున్న పిల్ల అదొక్కతే. దానికొక్కదానికే నేను రాయలేదు.

లోపల మిసెస్ లిమ్ ఆ ఫారం తీసి నా ముందు పెట్టింది. ‘మేడమ్, ఇది మిగతావాళ్ళ ముందు పెట్టడం నాకిష్టం లేకపోయింది. ఈ కారణం చదివి నేను నమ్మాను. ఈ అమ్మాయికి సీటు ఇచ్చి తీరాలనుకున్నాను’ అంది. నమ్మదా మరి? మిగతా ఆరింటికీ అదే ముక్క రాసి పడేశాను గానీ, దీనికి మూడు గీతలూ దాటి, అంచులోకెక్కి, కాగితం వెనక్కి కూడా వెళ్ళాను. మందారపువ్వుని బ్లేడుతో నిలువుగా కోస్తే లోపల కనబడే ఆ కేసరాల గొట్టం, వేలికంటిన పచ్చటి పుప్పొడి, మొదటిసారి చూసినప్పుడు ఊపిరి పీల్చడం మర్చిపోవడం. అదంతా రాశాను. అది నాకు, పదహారేళ్ళప్పుడు. అనన్య ఇంతవరకూ మందారపువ్వు కోసి ఎరగదు. ఇక్కడ పార్కులో పువ్వు ముట్టుకుంటే ఫైను వేస్తారని భయం దానికి.

ఏడు ఫారాల్లో నిజం రాసింది అదొక్కటే, పేరే తప్పు.

జనార్ధనరావుని ఎన్ని తిట్టాను మీ దగ్గర. పిల్లల బతుకులు బోర్డు మీద రాసేస్తున్నాడని, వాడికెవరిచ్చారు అధికారమని. ఆయన కనీసం నలుగురి ముందూ రాశాడు. నేను కవర్లో పెట్టి అంటించాను.

దాని పాత ఫారం టీచరమ్మ దానికీ చూపించిందట. వరండాలో అనన్య నన్ను ఏమడిగిందో మీరు వినలేదు, దూరంగా ఉన్నారు. ‘ఆ రోజు నాన్న నవ్వాడని నా ఫారం మీద బయాలజీ రాశావా అమ్మా’ అంది. చూసింది ఆపా. ఆ నవ్వూ, జీడిపప్పులూ, నా మొహం, అన్నీ చూసింది. అది భుజాలెగరేసి, ‘నెవర్ మైండ్ లా. సైన్ చేస్తే చెయ్, లేకపోతే లేదు, అప్ టు యూ’ అని అఫ్షీన్‌తో కలిసి మకాన్ అంటూ తినడానికి వెళ్ళిపోయింది. నేను తిన్నానా అని అడగలేదు. రోజూ అడుగుతుంది.

ఇదిగో, దాని కొత్త ఫారం. చూడండి. కోడి కెలికినట్టు లేదూ దస్తూరి? పదకొండేళ్ళు నేను పక్కన కూర్చుని దిద్దించిన దస్తూరి. లెక్కలు, పై లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటింగ్. కారణం దగ్గర చూడండి. ‘నాకిష్టం కాబట్టి.’ అంతే. మిగతా రెండు గీతలూ ఖాళీ. నేను పేపరు దిద్దితే దీనికి సున్నా.

రేపు పదింటిలోపు సంతకం పెట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత ఫారమే లెక్క అంది ఆవిడ. అంటే బయాలజీ. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు తెలుసా? రేపు పొద్దున ఊరికే, మామూలుగా, కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు.

సంతకం పెడితేనో? వచ్చే ఆదివారం ఆ మనిషి నా ముందుకొచ్చి, ‘చూశారా వసుంధర గారూ, చివరికి మీ అమ్మాయి కూడా’ అంటాడు. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నా కూతురే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. మిగతా పిల్లలు ఆ సున్నాలోంచి బయటికి ఉరికారు. ఇది దాని కాళ్ళతో అది నడిచి లోపలికెళ్ళి కూర్చుంది. హాలంతా మళ్ళీ నవ్వుతుంది. మా ఆయన కూడా.

మీరైతే ఏమంటారు? అనండి. పెట్టాలంటారా? మీకు తేలికే, మీ అమ్మాయి నదులూ కొండలూ అడిగింది.

క్షమించండి. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇంకొకటి చెప్తాను. ఇది విన్నాక మీరు నాతో మాట్లాడకపోయినా సరే. ఇందాక బస్సులో సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే, ‘కార్డు కోసమా’ అన్నారు మీరు. అవునన్నాను. కార్డు కోసం కాదు. ఈ పెన్ను కోసం. మూత కూడా తీశాను. ఆ ‘నాకిష్టం కాబట్టి’ పక్కన ఒక మంచి వాక్యం రాద్దామని. ఒక్కటే వాక్యం, వాళ్ళు సీటిచ్చేట్టుగా, దాని దస్తూరికి దగ్గరగా. బయాలజీ కోసం కూడా కాదు, దానికి కావలసినదాని కోసమే. అయినా సరే, నా మాటల్లో. ఏమనాలండీ ఈ రోగాన్ని? ఇంత జరిగి అరగంట కాలేదు. బస్సు కుదిపింది కాబట్టి ఆగాను గానీ, బుద్ధొచ్చి కాదు.

ఇదిగో, పట్టుకోండి. ఇంకు పెన్ను, మూత గట్టిగా బిగించండి, కారుతుంది. రేపు సాయంత్రం దాకా మీ దగ్గరే ఉంచండి. అడిగినా ఇవ్వకండి.

సంతకానికా? ఫ్రిజ్ మీద ఏదో బాల్ పెన్ను ఉంటుంది లెండి, సగం రాస్తుంది, సగం రాయదు. సంతకానికి ముత్యాలెందుకు. పదండి, లిఫ్టొచ్చింది.